నిలబడితే కరిచే పళ్ళు

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వచ్చి మెళకువలు చెప్పమంటారు. మైనం ఎంత వేడికి మెత్తబడాలి, ప్లాస్టర్‌లో గాలిబుడగలు రాకుండా ఏం చెయ్యాలి అని అడుగుతారు. అవన్నీ పుస్తకాల్లో ఉన్నాయి. లేకపోయినా ఆరునెలలు చేతులు కాల్చుకుంటే వాటంతటవే వస్తాయి. నేను చెప్పాలనుకునేది వేరే ఉంది. అది మొదలుపెడితే నాకు కోపం వస్తుంది, వినేవాళ్ళకు విసుగొస్తుంది. అందుకే రాస్తున్నాను. కాగితం మీద ఎంత కోప్పడినా ఎవరూ మధ్యలో లేచిపోరు.

నా ఉద్యోగం డెంటల్ మెకానిక్. బస్తీవాళ్ళు పళ్ళ మేస్త్రి అనేవారు, నాకు ఆ పేరే నచ్చేది. మా నాయన రైల్వేలో ఫిట్టరు. ఫలక్‌నుమా దగ్గర మా ఇల్లు. అరవైల చివర్లో పాతబస్తీలోని ఒక సర్కారు దవాఖానాలో, పళ్ళ విభాగం వెనక గదిలో పనికి చేరాను. దవాఖానా పేరు చెప్పను. చెబితే తప్పంతా ఆ ఒక్కచోటే జరిగిందని మిగతావాళ్ళు హాయిగా నిద్రపోతారు.

పని ఇది. డాక్టరు రోగి నోటి అచ్చు తీసి పంపిస్తాడు. నేను అందులో ప్లాస్టర్ పోసి, మైనంలో పళ్ళు పేర్చి, గులాబీరంగు ముద్దను అచ్చులో బిగించి నీళ్ళలో ఉడికించి, గీకి, మెరుగుపెట్టి తిరిగి పంపిస్తాను. పై పళ్ళూ కింది పళ్ళూ కలిసే తీరును మేం బైట్ అంటాం. డాక్టరు రోగిని కుర్చీలో కూర్చోబెట్టి, రెండు వరసల మధ్య మెత్తటి మైనం పెట్టి కరవమంటాడు. ఆ మైనం ముక్కే నాకు ఆధారం. దాన్నిబట్టే రెండు అచ్చులనూ ఇత్తడి కీలులో బిగిస్తాను. మైనంలో తప్పుంటే పళ్ళలో తప్పుంటుంది. తిట్లు మాత్రం మైనం తీసినవాడికి పడవు, పళ్ళు చేసినవాడికి పడతాయి. ఆడలేక మద్దెల ఓడన్న సామెత మా విభాగంలో వారానికి రెండుసార్లయినా గుర్తుకొచ్చేది.

రోగి నోట్లో చెయ్యి పెట్టే అధికారం మెకానిక్‌కు లేదు. ఇది గుర్తుపెట్టుకోండి, ముందు ముందు అవసరమవుతుంది.

కుర్చీ

మా పెద్ద డాక్టరు చెయ్యి మంచిది. కోపం ఉంది కదా అని అబద్ధం రాయను. ఆయన పన్ను తీస్తే, తీశారని రోగికి తెలిసేది కాదు. కానీ ఆయన ఏ రోగినీ నడుస్తుండగా చూడలేదు. అటెండరు రోగిని లోపలికి తీసుకొచ్చి, కుర్చీలో కూర్చోబెట్టి, మెడకు గుడ్డ కట్టి, తల వెనక్కి ఆనించి, కాళ్ళు ముందున్న పలక మీదికి ఎత్తిపెట్టి, నోరు తెరిపించాకే ఆయన గదిలోకి వచ్చేవారు. పని కాగానే చేతులు కడుక్కుని వెళ్ళిపోయేవారు. ఆయనకు మనిషంటే ముక్కుకింది నుంచి గడ్డం దాకానే.

గుమ్మం దగ్గర తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో ఒక బోర్డు ఉండేది, చెప్పులు బయట విడవమని. రాసి ఉన్నా లేకపోయినా మనవాళ్ళు విడిచే వస్తారు. వాటిని వరండాలో నా గది కిటికీ ముందు వరసగా విడిచేవారు. పొద్దంతా కూర్చుని పనిచేసేవాడిని కాబట్టి తలెత్తితే నాకు ఆ చెప్పులే కనిపించేవి. కొన్నాళ్ళకు చెప్పులను బట్టి మనుషులను పోల్చుకోవడం అలవాటైంది. మడమ ఒక పక్కే అరిగినవి, బొటనవేలి దగ్గర గుంటపడినవి, ఒకటి పాతది ఒకటి కొత్తది, అన్నీ చూశాను. లోపల డాక్టరుకు నోరు కనిపించేది, బయట నాకు చెప్పులు కనిపించేవి. ఈ రెండూ ఒకే మనిషివన్న ఆలోచన మా ఇద్దరిలో ఎవరికీ రాలేదు. డాక్టరుకు రాలేదని ఇన్నేళ్ళు తిట్టుకున్నాను. నాకు రాకపోవడానికి మాత్రం ఏం సాకు ఉంది?

మల్లయ్య

మల్లయ్య బేగంబజార్‌లో ఒక టోకు దినుసుల దుకాణంలో కాంటా మనిషి. నలభై ఏళ్ళు ఇంకా నిండలేదు. దూలానికి వేలాడే పెద్ద తరాజు దగ్గర పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడి, తూచిన ప్రతి సంచినీ గట్టిగా పలకడం అతని పని. మొదటి సంచిని ఒకటి అనడు, లాభం అంటాడు. ఆ తర్వాత రెండు, మూడు. అతని కేక బజారు లొల్లిని దాటి లోపల గద్దె మీద కూర్చున్న సేటుకు స్పష్టంగా వినబడాలి. ఆ గొంతుకే అతనికి జీతం.

నాకు పరిచయం కాకముందే ఒకసారి సంచుల వరస కూలి అతని మీద పడింది. ఎడమ తొడ ఎముక విరిగింది, పై పళ్ళు చాలావరకు ఊడాయి. ఎముక అతికింది గానీ కాలు ఒకటిన్నర అంగుళం పొట్టిదైపోయింది. బజారులో చెప్పులు కుట్టే ఒకతను ఎడమ చెప్పుకు మూడు పొరల టైరు ముక్కలు మేకులతో కొట్టి ఎత్తు చేసిచ్చాడు. అది వేసుకుంటే కుంటడం కనిపించేది కాదు. పై పళ్ళకు పూర్తి సెట్టు పెట్టించుకున్నాడు. కింద రెండు వైపులా దవడ పళ్ళు పోయాయి. ముందరి ఆరు మాత్రం సొంతవి. వాటికి పుచ్చు లేదు, కదలిక లేదు, రాయిలా ఉండేవి.

అతనికి కింది దవడ పళ్ళు కట్టాలని పెద్ద డాక్టరు రాశారు. అచ్చు వచ్చింది, మైనం వచ్చింది, చేసిచ్చాను. కుర్చీలో, పన్ను తగిలినచోట చుక్క పడే నీలికాగితం పెట్టి కరిపిస్తే రెండువైపులా చుక్కలు సమానంగా పడ్డాయి. డాక్టరు గారు ఆ పూట నన్ను మెచ్చుకున్నారు కూడా.

పదిహేను రోజులకు మల్లయ్య తిరిగొచ్చాడు. ఎడమ చిగురు మీద పుండు. పుండు ఉన్నచోట సెట్టును లోపల గీకి ఇవ్వమన్నారు, గీకాను. పది రోజులకు మళ్ళీ వచ్చాడు. మళ్ళీ గీకాను. మూడోసారి గీకేసరికి సెట్టు వదులై, అతను గట్టిగా పలికితే నోట్లో గలగలలాడడం మొదలైంది. తూకం చెప్పేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకుంటున్నాడని సేటు కోప్పడ్డాడు. ఒక వారం అతన్ని కాంటా దగ్గర నుంచి తీసేసి, సంచుల మూతులు కుట్టే పనికి కూర్చోబెట్టాడు. అది ముసలివాళ్ళకు జాలితో ఇచ్చే పని. ఇట్లాగే సాగితే అదే ఖాయమైపోతుందని మల్లయ్యకు దిగులు పట్టుకుంది.

ఆ రోజు కుర్చీలో అతను అన్నమాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

“కూసుంటె సక్కగనే ఉంటున్నయి సారూ. కాంటా కాడ నిలవడంగనే ఎడమదిక్కు కరుస్తున్నయి.”

పెద్ద డాక్టరు చుట్టూ ఉన్న హౌస్ సర్జన్ల వైపు చూశారు. “కుర్చీలో సరిపోయిన పళ్ళు నిలబడితే సరిపోకుండా పోతాయా? పళ్ళేమైనా కాళ్ళకు కట్టామా?”

అందరూ నవ్వారు. సెట్టు అందించడానికి వచ్చి గుమ్మంలో నిలబడ్డ నేనూ నవ్వాను. మెడికల్ సర్టిఫికెట్ కోసం నాటకమాడుతున్నాడని ఆయన తేల్చారు. అవునేమో అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే ఒళ్ళు మండుతుంది. తన రోగం ఏమిటో, ఎక్కడ మొదలవుతుందో, ఎట్లా నిలబడితే వస్తుందో రోగి ఒక్క వాక్యంలో చెప్పేశాడు. చదువుకున్నవాళ్ళం ఏడుగురం ఆ వాక్యం విని నవ్వాం.

రెండో సెట్టు చేశాను, మూడోది చేశాను. రెండూ కుర్చీ మైనంతోనే, రెండింటికీ అదే గతి పట్టింది. చివరికి పెద్ద డాక్టరు ఒక నిర్ణయానికి వచ్చారు. ఆ ముందరి ఆరు పళ్ళే అడ్డంగా ఉన్నాయి, అవి తీసేసి కింద కూడా పూర్తి సెట్టు వేస్తే పీడ విరగడవుతుంది అన్నారు. బోనాలు అయ్యాక వస్తానని మల్లయ్య గడువు అడిగాడు.

చప్పుడు

ఆ రోజే అతను బయటికొచ్చి, చెప్పులేసుకోబోతూ నా కిటికీ ఊచ పట్టుకుని ఆగాడు. మెట్టు మీద వట్టికాళ్ళతో నిలబడి ఉన్నాడు.

“మేస్త్రీ, ఆ ఆరు తీసేస్తె నిజంగ సక్కగైతదా? మంచి పండ్లే కదనే అవి.”

 మెకానిక్ చేసే పనే చేశాను, కింది పళ్ళను పై పళ్ళకు ఒకసారి తట్టి చూపించమన్నాను. తట్టాడు. టక్-టక్ అని రెండు చప్పుళ్ళు వినిపించాయి. ఎడమవైపు ముందు తగులుతోంది, కుడివైపు ఆ తర్వాత. ఇత్తడి కీలులో అచ్చులు తెరిచి మూయడమే నా బతుకు, ఆ చప్పుడు నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది. కుర్చీలో సరిగ్గా ఉన్నాయన్న పళ్ళు ఇవేనా అనుకుంటుండగా అతను చెప్పులు తొడుక్కున్నాడు. ఎడమ కాలు టైరు పొరల మీదికెక్కింది. ఊరికే ఇంకోసారి తట్టాడు. టక్. ఒకటే చప్పుడు.

విప్పమన్నాను. టక్-టక్. వేసుకోమన్నాను. టక్. నాలుగుసార్లు విప్పించి నాలుగుసార్లు వేయించాను. అతను నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. ఏడాదిన్నరగా ఆ మూడు పొరల చెప్పు నా ముక్కు కిందే ఉంది.

ఎందుకిట్లా అవుతుందో నాకు అర్థమైనంత మేరకు చెబుతాను. కాలు పొట్టిదైతే ఆ వైపు నడుము దిగుతుంది. నడుము దిగితే భుజాలు ఎదురుదిక్కుకు వంగుతాయి. చూపు సమంగా ఉండాలి కాబట్టి తల పొట్టి కాలికి ఎదురువైపు ఒరుగుతుంది. కింది దవడ తలకు వేలాడే ఎముక, తల ఒరిగితే అదీ కాస్త జరుగుతుంది. దవడ పళ్ళు సొంతవైతే ఒక వరస పళ్ళ గుంటల్లో ఇంకో వరస పళ్ళ గుబ్బలు కూర్చుని దాన్ని పట్టి ఉంచుతాయి. మల్లయ్యకు ఆ పళ్ళు లేవు, దవడకు పట్టు లేదు. కుర్చీలో కాళ్ళు ఎత్తిపెట్టి తల ఆనిస్తే, లేదా ఎత్తు చెప్పు వేసుకుంటే, దవడ ఒకచోట ఉంటుంది. వట్టికాళ్ళతో నిలబడితే ఇంకోచోట ఉంటుంది. ఆ తేడా వెంట్రుకంత. చిగురు మీద పుండు పడడానికి వెంట్రుకంత చాలు.

మరి మల్లయ్య చెప్పులు ఎప్పుడు వేసుకుంటాడు? వీధిలో నడిచేటప్పుడు మాత్రమే. ఇంట్లో వేసుకోడు, గుడిలో వేసుకోడు, దవాఖానాలో వేసుకోడు, లక్ష్మి అని దండం పెట్టుకునే కాంటా దగ్గర అసలే వేసుకోడు. అతని జీవితం మొత్తం వట్టికాళ్ళ మీదే నడుస్తుంది. అందులో ఒక్క నిమిషం కూడా కాళ్ళు గాల్లోకి ఎత్తిపెట్టి కూర్చోడు. ఆ ఒక్క భంగిమలో మేం అతని బైట్ తీశాం.

వెంటనే వెళ్ళి పెద్ద డాక్టరుకు చెప్పాను. ఆయన చాయ్ తాగుతూ మొత్తం విన్నారు. మోకాలికీ బోడిగుండుకూ ముడిపెట్టొద్దని, నా పని పళ్ళు ఉడకబెట్టడమని, కాలి సంగతి కాళ్ళ విభాగంలో చెప్పుకోమని అన్నారు. నిజంగానే కాళ్ళ విభాగానికి వెళ్ళాను. ఎముక అతికింది, చెప్పు రాశాం, పళ్ళతో మాకేం పని అన్నారు అక్కడ. రెండు విభాగాలకూ మధ్య ఇరవై అడుగుల నడవా ఉంది. నోటి డాక్టరుకు కాళ్ళు లేవు, కాలి డాక్టరుకు నోరు లేదు, మధ్యలో మనిషి ఎటుపోతే ఎవరికి ఫికర్.

కాంటా దగ్గర

సగం రోజు సెలవు పెట్టి బేగంబజార్‌కు వెళ్ళాను. మైనం పలకలు జేబులో పెట్టుకున్నాను. మల్లయ్య కాంటా దగ్గర ఎట్లా నిలబడతాడో ఒక గంటసేపు ఊరికే చూశాను. ఎడమ నడుము దిగి, తల కుడికి వాలి ఉంది. కేక వేసేముందు పళ్ళు బిగిస్తాడు. అప్పుడల్లా కన్ను చిట్లించేవాడు. ఏడాదిన్నరలో మేమెవరం చూడనిది గంటలో కనిపించింది.

ఎడమ కాలికింద చెక్క వేసుకుని నిలబడమన్నాను ముందు. వేసుకున్నాడు. కానీ సంచి తిప్పుతూ తరాజు చుట్టూ నాలుగు దిక్కులా తిరిగే మనిషికి ఒకచోట చెక్క ఏం పనికొస్తుంది? రెండుసార్లు తట్టుకుని పడబోయాడు. దాంతో చెక్కను పక్కన పెట్టేశాం.

నేను చెప్పేదంతా విని మల్లయ్య తన పద్ధతిలో పరీక్ష పెట్టాడు. సంచులు తూచే నేల కాంటాలు రెండు పక్కపక్కన జరిపి, ఒక్కోదాని మీద ఒక్కో కాలు పెట్టి నిలబడ్డాడు.

“బరువు అబద్ధమాడదన్నా. మైనం పెట్టు, సూద్దాం.”

ఎడమ పళ్ళ మధ్య మైనం ముక్క పెట్టి కరవమన్నాను. ఎడమ కాంటా ముల్లు జరిగింది. మైనం తీస్తే వెనక్కొచ్చింది. పాదం పంటిని కదిలిస్తోందనుకుని నేను వచ్చాను, పన్ను పాదాన్ని కూడా కదిలిస్తోందని కాంటా చూపించింది. హమాలీలు తమాషాగా మూగారు. ఐదుగురిని అట్లాగే నిలబెట్టి చూశాను. ఇద్దరికి ముల్లు కొంచెం జరిగింది, ముగ్గురికి కదల్లేదు. ఆ ముగ్గురి సంగతి కూడా రాస్తున్నాను, ఎందుకో తర్వాత చెబుతాను.

పక్కనున్న చాయ్ హోటల్ నుంచి వేడినీళ్ళు తెప్పించి మైనం మెత్తబరిచాను. మల్లయ్యను వట్టికాళ్ళతో తన చోట నిలబెట్టి, పది సంచుల తూకం గట్టిగా పలికించి, గుటక వేయించి, అప్పుడు కరిపించాను. నా వేళ్ళతో అతని నోట్లో మైనం పెట్టి తీశాను. అది నాకు లేని అధికారం. తెలిస్తే ఉద్యోగం పోతుంది. మైనం మాత్రం బాగా వచ్చింది.

వారంలో నాలుగో సెట్టు తయారైంది. నా ఇరవై ఏళ్ళ పనిలో అంత శ్రద్ధగా ఇంకోటి చెయ్యలేదు.

అడ్డుగోడ

ఇక్కడే నేను చేసిన పెద్ద తప్పు ఉంది. ఆ సెట్టును మల్లయ్య చేతికివ్వలేదు. రూలు ప్రకారం డాక్టరు ట్రేలో పెట్టాను. నిలబెట్టి, వట్టికాళ్ళతో చూడమని చిన్న చీటీ రాసి సెట్టు కింద పెట్టాను. మైనం ఎక్కడ తీశానో రాయలేదు. చీటీ చదువుతారు, ఒక్కసారి లేపి చూస్తారు, చూస్తే ఆయనకే అర్థమవుతుంది అనుకున్నాను. చెయ్యి మంచి మనిషి కదా, మనసు కూడా ఆపాటి కదులుతుందని నమ్మాను.

బోనాలు అయిన మూడో రోజు మల్లయ్య వచ్చాడు. నా గదికీ కుర్చీ గదికీ మధ్య చెక్క అడ్డుగోడ, దానికొక స్ప్రింగు తలుపు. అన్నీ వినిపిస్తాయి. అటెండరు కుర్చీ తొక్కి పైకెత్తిన చప్పుడు, తల ఆనించిన చప్పుడు. సెట్టు పెట్టారు. నీలికాగితం తెమ్మన్నారు.

మెరుగుపెట్టడం ఆపేశాను. వట్టికాళ్ళ మనిషికి చేసిన పళ్ళు అవి, కాళ్ళు ఎత్తిపెట్టిన మనిషి నోట్లో ఎట్లా సరిపోతాయి?

“కుడివైపు ఎత్తుంది చూడండి,” అన్నారు పెద్ద డాక్టరు హౌస్ సర్జన్లతో. “నాలుగోసారి. మెకానిక్‌కు చేతకాదు, ఈ దవడకు సగం సెట్టు నిలవదు. ఇంజెక్షన్ తీసుకోండి.”

మల్లయ్య నోట్లో వేళ్ళు ఉన్నా ఏదో అన్నాడు. నిలబడి చూపిస్తానన్నాడు. “కదలకు,” అన్నారాయన.

నేను లేచాను. తలుపు దాకా వెళ్ళాను. తలుపు తోసి, సార్, ఒక్కసారి లేపండి అంటే చాలు. ఆయన ఎందుకని అడుగుతారు. అప్పుడు మైనం నేనే తీశానని చెప్పాలి. దొంగకు తేలు కుట్టినట్టు అక్కడే నిలబడిపోయాను. చేతిలో మెరుగుపెట్టే బ్రష్షు ఉంది. ఇనప గిన్నెలో మొదటి పన్ను పడింది. అప్పటికైనా ఐదు మిగిలి ఉన్నాయి, తలుపు తోసి ఉండాల్సింది. రెండోది పడింది. ఆరూ పడేదాకా నేను ఆ బ్రష్షు పట్టుకునే ఉన్నాను.

గిన్నె కడగడానికి అటెండరు నా గదిలోని సింకు దగ్గరికే తెచ్చాడు. ఒక్కొక్కటి నీళ్ళ కింద పెట్టి చూశాను. ఒక్కదానికీ చిన్న మచ్చయినా లేదు. చీటీ కూడా ట్రేలోనే మడత విప్పకుండా ఉంది.

ఇది చదివి దుకాణం తెరవబోయేవాళ్ళకు

ఇంతదాకా చదివి కొందరు చేతులు రుద్దుకుంటుంటారని నాకు తెలుసు. ఎనభైల్లో చాంద్రాయణగుట్ట రోడ్డు మీద ఒకాయన బోర్డు కట్టాడు. మోకాళ్ళ నొప్పి, నడుం నొప్పి, తలనొప్పి అన్నింటికీ పళ్ళే మూలమట, పళ్ళ మధ్య ఆయన ఇచ్చే పలక పెట్టుకుంటే అన్నీ పోతాయట. ఇంకొకాయన చెప్పులో పెట్టుకునే మెత్తలు అమ్మి దవడ నొప్పులు తీసేస్తానన్నాడు. ఇద్దరూ ఏ మనిషినీ పరీక్షగా చూసినవాళ్ళు కాదు. పలకలు చేసిమ్మని మొదటాయన నా దగ్గరికి వచ్చాడు. రెండు చేసిచ్చాను కూడా, దాచుకోను. మూడోది తెచ్చినప్పుడు, రోగి వయసెంత, ఏం పని చేస్తాడు, ఎట్లా నిలబడతాడు అని అడిగాను. ఆయనకు ఏదీ తెలియదు. తిప్పి పంపించాను.

పాదానికీ పంటికీ సంబంధం లేదని నవ్వినవాడు ఆరు పళ్ళు పీకాడు. అంతా ఆ సంబంధమే అన్నవాడు జేబులు కత్తిరించాడు. నాకు ఇద్దరి మీదా ఒకే కోపం. ముల్లు కదలని ముగ్గురు హమాలీలను ఇద్దరూ లెక్కలోకి తీసుకోరు. కొందరిలో ఆ సంబంధం ఉంటుంది, కొందరిలో ఉండదు. ఎంత ఉంటుందో పెద్ద చదువుల వాళ్ళు తేల్చాలి. నేను మేస్త్రిని, నాకు తెలిసింది ఇంతే. సెట్టు కరుస్తోందని రోగి అంటే, ఎప్పుడు, ఎక్కడ, ఎట్లా ఉన్నప్పుడు అని అడగండి. కుర్చీలోంచి లేపండి. అతను రోజంతా ఎట్లా నిలబడతాడో అట్లా నిలబెట్టి, చెప్పులతో ఒకసారి, చెప్పులు లేకుండా ఒకసారి పళ్ళు తట్టించండి. చెవి పెట్టి వినండి. తేడా లేకపోతే కాళ్ళ సంగతి వదిలేయండి. తేడా ఉంటే కట్టుడు పళ్ళను మార్చండి, సొంత పళ్ళ జోలికి పోకండి. పోయిన పన్ను మళ్ళీ రాదని చిన్నపిల్లవాడికీ తెలుసు. మన పెద్దలకు గుర్తుచెయ్యాల్సి వస్తోంది.

ఐదో సెట్టు

చిగుళ్ళు మానడానికి రెండున్నర నెలలు పట్టింది. అన్నాళ్ళూ మల్లయ్య సంచుల మూతులు కుట్టాడు. పూర్తి సెట్టు కోసం పెద్ద డాక్టరు మళ్ళీ కుర్చీలో మైనం తీసి పంపారు. దాన్ని చెత్తబుట్టలో పడేశాను. బేగంబజార్‌కు వెళ్ళి, కాంటా దగ్గర వట్టికాళ్ళతో నిలబెట్టి నా మైనం నేను తీసుకున్నాను. ఈసారి సెట్టు ట్రేలో పెట్టలేదు. బజారుకే తీసుకెళ్ళి ఇచ్చాను, అక్కడే నిలబెట్టి సరిచేశాను. పదిహేను రోజులు వాడాకే దవాఖానాకు రమ్మన్నాను. మూడోరోజుకే సేటు అతన్ని మళ్ళీ కాంటా దగ్గర నిలబెట్టాడు.

దవాఖానాకు వచ్చిన రోజు పెద్ద డాక్టరు నోరు తెరిపించి చూశారు. చిగురు శుభ్రంగా ఉంది. ఎక్కడా పుండు లేదు. సెట్టు ఎవరి చేతి మీదుగా వెళ్ళిందని గానీ, నీలికాగితం తెమ్మని గానీ ఆయన అడగలేదు. నిలబడితే కరుస్తున్నాయా అని అడిగారు నవ్వుతూ. లేదు సారూ, మస్తుగున్నయి అన్నాడు మల్లయ్య. ఆయన హౌస్ సర్జన్ల వైపు తిరిగి, ఇలాంటి కేసుల్లో మిగిలిన పళ్ళ మీద మమకారం పెట్టుకోకూడదని పాఠం చెప్పారు. వాళ్ళు రాసుకున్నారు. ఆ పాఠం పట్టుకుని వాళ్ళు వెళ్ళిన ఊళ్ళల్లో ఎందరి మంచి పళ్ళు గిన్నెల్లో పడ్డాయో నేను లెక్కపెట్టలేను. మల్లయ్య లేచి ఆయనకు రెండు చేతులా దండం పెట్టాడు.

ఆ తర్వాత నా గదికి వచ్చాడు. అతని ముఖం వెలిగిపోతోంది. అప్పుడు చెబుదామని నోరు తెరిచాను. నాలుగో సెట్టు సరైనదేనని, నీ ఆరు పళ్ళూ నీ నోట్లోనే ఉండాల్సినవని, ఆ రోజు తలుపు అవతల నేనున్నానని చెప్పాలనుకున్నాను. అతనే ముందు మాట్లాడాడు.

“పెద్ద సారు చెప్పిందే నిజమన్నా. నువ్వు నన్ను నిలవెట్టి చేసిన నాలుగోది గూడ కుదరకపాయె. ఆ ఆరు ముందుగాలనే తీయించుకుంటె నాకు గిన్ని రోజులు గీ తిప్పలు లేకపోవు. గంతేనా?”

“గంతే మల్లయ్యా,” అన్నాను.